చుక్కల లోకపు చుట్టం

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మధ్యాహ్నం గిన్నెలు కడిగి, కొంగుతో చేతులు తుడుచుకొని ఇప్పుడే కాస్త నడుం వాల్చినవారు మీలో చాలామంది ఉంటారు. ఈరోజు మీతో గ్రహాంతరవాసుల గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "ఈమెకేమైంది? నిన్నమొన్నటిదాకా మామిడికాయ తొక్కు ఎట్లా పెట్టాలో చెప్పింది గదా!" అని నవ్వుకొంటున్నారేమో. నిజమే, పదో తరగతితో చదువు ఆపినదాన్ని, నాకు పైలోకాలతో ఏం పని? కాని ఈ సంగతి మా ఇంటి గడప దాకా నడిచి వచ్చింది. గడప తొక్కినవాళ్ళను పొమ్మనలేం గదండీ!

మాది కామారెడ్డి. మా ఆడబిడ్డను ఇచ్చింది ఎల్లారెడ్డిలో. బస్సెక్కి ఒక కునుకు తీసి లేచేసరికి లింగంపేట దాటుతుంది, ఇక ఊరొచ్చినట్టే. పోయిన దసరాకు వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. పిల్లకు చిన్నప్పటినుంచీ వినికిడి కొంచెం తక్కువ. డాక్టరు చెవి మిషను పెట్టుకోవాలన్నాడు, పెట్టించారు. వేలెడంత వస్తువు, చెవి వెనుక కూర్చుంటుంది. దాంతో పాఠాలన్నీ చక్కగా వినిపించాయి. పాఠాలతోపాటు వెనుక బెంచీ మాటలు కూడా వినిపించాయి! "ఏలియన్ వచ్చింది, పైనుంచి సిగ్నల్ అందిందా?" అని తోటి పిల్లలు మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

నేను వెళ్ళేటప్పటికి మిషను పౌడరు డబ్బాలో ఉంది, పిల్ల మూలగదిలో ఉంది. "బడికి పోను అత్తమ్మా. నన్ను మనిషిని అనుకుంటలేరు" అంది. వాళ్ళ నానమ్మ, "ఆడపిల్లకు చెవికి కమ్మలుండాలె గాని మిషనేంది? రేపు పెండ్లిచూపులకు ఏం చెప్పాలె?" అని గొణుగుతోంది. మా ఆడబిడ్డ "నలుగురి లెక్క ఉండమంటే ఉండదు వదినా" అని కళ్ళు వత్తుకొంది. ఇక నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. "పోనీలే బిడ్డా, జడ ఇట్లా ముందుకు వేసుకో, ఎవరికీ కనపడదు" అన్నాను. పిల్ల నా ముఖం చూసి, "దాచిపెట్టుకొమ్మంటే అది తప్పు వస్తువే అన్నట్టు గదా అత్తమ్మా?" అంది. నా నోట మాట లేదు. రేడియోలో మాట్లాడే మనిషినని పేరే గాని, ఆ పిల్లకు ఒక్క సమాధానం చెప్పలేకపోయాను.

ఆ రాత్రి అందరం కూర్చుని ఫోనులో 'ఆదిత్య 369' సినిమా చూశాం. 1991లో అది విడుదలైనప్పుడు మా నాన్న నన్ను కామారెడ్డిలో హాలుకు తీసుకుపోయాడు, నాకప్పుడు పదేళ్ళు. 2025 ఏప్రిల్లో దాన్ని మళ్ళీ మెరుగులు దిద్ది హాళ్ళలో ఆడించారు కూడాను. తీసినవారు సింగీతం శ్రీనివాసరావుగారు. ఆయన 'మాయాబజార్' నాటికి కె.వి. రెడ్డిగారి దగ్గర సహాయకుడు. మన శశిరేఖ పెట్టె మూత తీసి అభిమన్యుణ్ణి చూసుకొన్న ఆ ప్రియదర్శిని గుర్తుందా? ఈనాటి వీడియో కాలు అదే గదా! 1957లోనే మనవాళ్ళు దాన్ని నవ్వుతూ నవ్వుతూ చూపించారు.

'ఆదిత్య 369'లో ఒక కాలయంత్రం ఉంటుంది. ఇంగ్లండులో వెల్స్ అనే రచయిత 1895లోనే అటువంటి యంత్రం మీద నవల రాశాడు. ఆ ఊహనే మనవాళ్ళు మన రాయలవారి దాకా నడిపించారు. ఈ కాలపు అబ్బాయి, అమ్మాయి, వాళ్ళతోపాటు పొరపాటున ఇరుక్కొన్న ఒక పోలీసు కానిస్టేబులు, ముగ్గురూ 1526లో విజయనగరంలో పోయి పడతారు. ఆ తరువాత 2504వ సంవత్సరానికి వెళతారు. చిన్నప్పుడు నేను రాయలవారి కొలువును, నగలను చూసి మురిసిపోయాను. ఈసారి చూసింది వేరు. సుత్తి వేలుగారి కానిస్టేబుల్ని చూడండి. మన వీధిలో ఉంటే అతన్ని ఎవరూ తలెత్తి చూడరు. తీసుకుపోయి రాయల కాలంలో నిలబెడితే అతని దుస్తులు వింత, మాట వింత, భయం కూడా వింతే. మనిషి అదే మనిషి. నిలబెట్టిన చోటు మారింది, అంతే.

ఈ మాట నేను పైకే అన్నాను. పక్కన పడుకొన్న పిల్ల చటుక్కున లేచి కూర్చుని, "అంటే నేను గూడ ఇంకో కాలంలకెళ్ళి వచ్చి పడ్డట్టేనా?" అంది. అని నవ్వింది. రెండు నెలల్లో ఆ ఇంట్లో ఆ నవ్వు వినడం అదే మొదలట.

అప్పుడు నాకు, ఇదివరకు ఒక ప్రసంగం కోసం చదివిన కథ గుర్తొచ్చింది. ఆ పిల్లకు చెప్పినట్టే మీకూ చెబుతాను.

నూరేళ్ళు దాటిన మాట. రొకేయా అనే ఆవిడ 1880లో రంగపూరు జిల్లా పైరాబంద్‌లో పుట్టింది. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. ఘోషా కుటుంబం. ఆడపిల్లకు ఇంగ్లీషు చదువు కూడదు. రాత్రి ఇంట్లోవాళ్ళు పడుకొన్నాక అన్న దీపం పెట్టి రహస్యంగా నేర్పాడట. పెళ్ళయిన తరువాత, భాగల్పూరులో భర్త క్యాంపుకు వెళ్ళినప్పుడు పొద్దుపోవడానికి ఇంగ్లీషులో ఒక కథ రాసింది. పేరు 'సుల్తానాస్ డ్రీం', అంటే సుల్తానా కల. 1905లో అది మద్రాసులో 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అనే పత్రికలో అచ్చయింది. ఆ పత్రికను 1901లో స్థాపించి నడిపిన సంపాదకురాలు ఎవరనుకొన్నారు? మన రాజమండ్రి ఆడపడుచు కమలా సత్యనాథన్! ఎక్కడి బెంగాలు, ఎక్కడి రాజమండ్రి! వంటింట్లో పుట్టిన ఊహకు వాకిలి తెరిచింది ఒక తెలుగు స్త్రీ అని తెలిసినప్పుడు నాకు ఎంత సంబరమైందో చెప్పలేను.

ఇక కథ వినండి. సుల్తానా కునుకు తీసి కళ్ళు తెరిచేసరికి ఆడవాళ్ళ రాజ్యంలో ఉంది. అక్కడ మగవాళ్ళు ఘోషాలో ఉంటారు. వంటావార్పూ, పిల్లల పెంపకమూ వాళ్ళవే! ఆడవాళ్ళ విశ్వవిద్యాలయాలు రెండు. ఒకదాంట్లో ఆకాశంలోకి పెద్ద బెలూను కట్టి, గొట్టాలతో మబ్బుల నీళ్ళు దించుకొంటారు. రెండోదాంట్లో సూర్యుడి వేడిని పోగుచేసి దాచుకొంటారు. వంటింట్లో బొగ్గు లేదు, పొగ లేదు, ఎండతోనే వంట. ఊళ్ళు తిరగడానికి గాలిలో పోయే బండ్లు. ఆఫీసు పని రోజుకు రెండు గంటల్లో అయిపోతుంది. ఎందుకంటే చుట్టలు కాలుస్తూ పొద్దుపుచ్చే మగవాళ్ళు అక్కడ లేరు గనుక! శత్రువులు దండెత్తి వస్తే, దాచిన ఎండను వాళ్ళ మీదికి తిప్పి తరిమేస్తారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. పరదా అలవాటైన సుల్తానా వీధిలో సిగ్గుపడుతూ నడుస్తుంటే, దారిన పోయే ఆడవాళ్ళు ఆమెను చూసి అచ్చం మగవాడిలా ఉందని నవ్వుతారు! మగవాడిలా అంటే ఆ దేశంలో బెదురుగా, బిడియంగా అని అర్థం.

చూశారా? మన దగ్గర సుగుణం అన్నది అక్కడ ఎగతాళి. ఇక్కడ వింత అనుకొన్నది అక్కడ మామూలు. క్యాంపునుంచి వచ్చిన భర్త ఆ కథను నిలబడే చదివి, మగవాళ్ళ మీద పగ బాగానే తీర్చుకొన్నావన్నట్టు మెచ్చుకొన్నాడట. రొకేయా పగతోనే ఆగలేదు. భర్త పోయాక 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది ఆడపిల్లలతో బడి పెట్టింది. 1932 డిసెంబరు 9న కన్నుమూసేదాకా ఆడపిల్లల చదువే ఆమె పని. అదే డిసెంబరు 9న, 2023లో, మన తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితమైంది. ఎవరూ అనుకొని పెట్టింది కాకపోవచ్చు. నాకు మాత్రం ఆ తేదీ చూస్తే సుల్తానా గాలిబండి మన బస్టాండులో ఆగినట్టే ఉంటుంది.

లోకంలో ఇమడని జీవి కథ ఏడుపుతో కూడా చెప్పవచ్చు. మేరీ షెల్లీ అనే ఇంగ్లీషు పిల్ల పద్దెనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టిన 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో వచ్చింది. అందులో ఒక శాస్త్రజ్ఞుడు ప్రాణం పోసిన జీవిని, రూపం చూసి అందరూ తరుముతారు, కన్నవాడిలాంటి ఆ శాస్త్రజ్ఞుడితో సహా. చివరికి అది కసితో ప్రాణాలు తీస్తుంది. గొప్ప కథే. కాని పద్నాలుగేళ్ళ పిల్లకు, అందునా మనసు విరిగి కూర్చున్న పిల్లకు, ముందు నవ్వు కావాలి. ఎదుటివాడు మనల్ని చూసి నవ్వితే ముడుచుకుపోతాం. అదే నవ్వును మనం కథలో పెట్టి లోకం మీదికి తిప్పితే, ఎండను తిప్పిన సుల్తానా చెలికత్తెల్లా నిటారుగా నిలబడతాం.

పండగ వెళ్ళాక నేను కామారెడ్డి వచ్చేశాను. మూడు వారాల తరువాత ఆ పిల్ల నాలుగు పేజీల కథ రాసి పంపింది. చెబుతాను, వినండి.

ఒక గ్రహంలో అందరికీ మూడు చెవులు. ఒక్కడికి మాత్రం రెండే. "ఏందిరా, మూడోది ఎలుక కొరికిందా?" అని అందరూ ఏడిపిస్తుంటే, వాడు విసిగి విమానమెక్కి పారిపోయి వచ్చాడు. లింగంపేటలో మన నాగన్న మెట్లబావి ఉంది గదా, దాంట్లో దిగాడు. వీళ్ళెవరో మేడలను కిందికి కట్టుకొన్నారే అని ఆశ్చర్యపోయాడు. మెట్లెక్కి పైకొచ్చి కామారెడ్డి బస్సెక్కాడు. కండక్టరు ఆధార్ కార్డు చూపించమన్నాడు. వీడు తన గ్రహం కార్డు తీశాడు. "గిది నడువది. తెలంగాణ అడ్రసు ఉండాలె. అయినా ఫ్రీ ఆడోళ్ళకే. నువ్వు ఆడనా, మగనా?" "అది నేనింకా చదువుకోలేదు సార్" అన్నాడు వీడు. బస్సంతా నవ్వు. అప్పుడు కిటికీ పక్కన మక్కకంకి తింటున్న ఒక ముసలవ్వ లేచి, "ఎందుకయ్యా పోరణ్ణి సతాయిస్తరు? ఎంత దూరంకెళ్ళి వచ్చిండో ఏమో. బిడ్డా, బువ్వ తిన్నవా?" అని కంకి సగం విరిచి చేతిలో పెట్టింది. టికెట్టు డబ్బులు కూడా ఆమే ఇచ్చింది. వాడి గ్రహంలో మూడు చెవులవాళ్ళు ఎంతమంది ఉన్నా, ఆ మాట వాడికి ఎప్పుడూ వినిపించలేదట.

కథ అక్కడిదాకా చదివి నేను ఆగిపోయాను. మూలగదిలో కూర్చున్న పిల్లను ఆమె తల్లి నలుగురిలా ఉండమంది. నానమ్మ పెండ్లి మాట ఎత్తింది. నేను జడ చాటున దాచమన్నాను. ముసలవ్వ అడిగిన మాట మా ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు. ఆ అవ్వ ఎవరో కాదు, మేము కావలసినవాళ్ళం, కాకుండా పోయినవాళ్ళం.

మరి పిల్ల బడికి వెళుతోందా అని అడుగుతారు. వెళుతోంది. మిషను పౌడరు డబ్బాలోంచి చెవి మీదికి వచ్చింది. ఆ కథను తెలుగు పీరియడ్‌లో లేచి చదివిందట. అంతటితో ఏలియన్ పేరు పోయిందా అంటే పోలేదు. ఇంకా అట్లాగే పిలుస్తున్నారు. కాని ఆ పేరు మొదట పెట్టిన పిల్లే మరునాడు దగ్గరికి వచ్చి, "ఏలియన్, మరి వాడు కామారెడ్డిల దిగినంక ఏం జేసిండు?" అని అడిగిందట. ఇప్పుడు ఇద్దరూ కలిసి రెండో భాగం రాస్తున్నారు. వాణ్ణి నిజాంసాగర్ చూడడానికి తీసుకుపోవాలా, మా ఇంటికి భోజనానికి తేవాలా అని తగువులాడుకొంటున్నారట. మా ఇంటికే తెమ్మని నేను కబురు పెట్టాను.

అక్కలారా, చెల్లెళ్ళారా! మన పిల్లలు గ్రహాలనీ, యంత్రాలనీ ఏవో పిచ్చి కథలు చదువుతుంటే, రాస్తుంటే, "పరీక్షల్లో వస్తాయా ఇవి?" అని గద్దించడం మనకు అలవాటు. ఒక్కసారి పక్కన కూర్చుని "తరువాత ఏమైంది?" అని అడిగి చూడండి. తనలో తాను చెప్పుకోలేనిది పిల్ల ఆ మూడు చెవుల లోకం పేరు పెట్టి చెబుతుంది. మన ఇళ్ళల్లో నత్తిగా మాట్లాడే పిల్లవాడో, మరీ పొడుగైన పిల్లో, ఎవరితో కలవక చెట్టు కింద పుస్తకం పట్టుకొని కూర్చునేవాళ్ళో ఉండనే ఉంటారు. వాళ్ళను నలుగురిలా మార్చడం మన చేతిలో లేదు, అవసరమూ లేదు. బస్సులో కాస్త జరిగి చోటివ్వడం మన చేతిలో ఉంది.

పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్ళు ఒకసారి చూసుకోండి. ఇక సెలవు. నమస్కారం.