బరువు దించుకుంటేనే కొండ ఎక్కగలం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను పండితుణ్ణి కాదు, వక్తను అంతకన్నా కాదు అని మనవి చేసుకున్నాను. "మీరు ఆదివారం పూట కొండలెక్కుతారట గదా భాయ్, అదే చెప్పండి" అన్నారు. నేను పొగాకు కంపెనీలో ముప్పై నాలుగేళ్ళు జమాఖర్చులు రాసిన గుమాస్తాను. అందుచేత కొండ సంగతి చెప్పాలన్నా లెక్కల నుంచే మొదలుపెడతాను. మీరు కాస్త ఓపిక పట్టాలి.

2014లో అల్లాహ్ దయవల్ల నేను, మా ఇంటావిడ హజ్ యాత్ర చేశాం. అప్పటికి నాకు 61 ఏళ్ళు. దువాలు కంఠస్థం చేస్తే చాలుననుకున్నాను. హజ్ కాళ్ళతో చేసే ఇబాదత్ కూడానని అక్కడికి పోయాక తెలిసింది. కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలు. సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడక, అదొక్కటే మూడు కిలోమీటర్ల పైచిలుకు. అరఫాత్ నుంచి ముజ్దలిఫా, అక్కడ ఆరుబయట రాత్రి గడిపి తెల్లవారాక మినా.

ముజ్దలిఫా నుంచి మినాకు నడిచిన ఆ ఉదయం నేను మరిచిపోలేను. ఒంటిమీద ఇహ్రామ్, అంటే కుట్టులేని రెండు వస్త్రాలు. రాజైనా కూలివాడైనా అక్కడ అంతే. కాని నా భుజాన ఒక పెద్ద సంచి. అందులో రెండు దుప్పట్లు, గాలి దిండు, ఊరగాయ సీసా, మూడు జతల బట్టలు, టార్చిలైటు, ఇంకా "ఎందుకైనా మంచిది" అని పెట్టుకున్నవి బోలెడు. సగం దారిలో కాళ్ళు మొరాయించాయి. రోడ్డు పక్కనే కూలబడ్డాను. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు, ఇండోనేషియా ఆయన, ఏమీ అడగకుండా నా సంచి తన భుజాన వేసుకున్నాడు. ఆయన సొంత సామాను ఒక చిన్న గుడ్డసంచి, నీళ్ళ సీసా, అంతే. ఒకరి భాష ఒకరికి రాదు. గుడారాల దగ్గర సంచి దించి, దాన్నొకసారి, నన్నొకసారి చూసి నవ్వాడు. అందులో ఎగతాళి లేదు. అయినా నాకు తల దించుకోవాలనిపించింది. రెండు గుడ్డలతో రమ్మని పిలిస్తే నేను ఇల్లంతా మోసుకుపోయానే అనిపించింది.

ఇంటికి వచ్చాక అలవాటు కొద్దీ ఒక పుస్తకంలో లెక్క రాశాను. మూడు గదుల ఇల్లు. పిల్లలు ఎక్కడివారక్కడ స్థిరపడ్డారు, ఉండేది ఇద్దరం. రజాయిలు 11. కుర్చీలు 14, అందులో విరిగినవి 5. గోడ గడియారాలు 6, నడిచేవి 2. అటకమీద పెద్ద డేగిశాలు 4. 1979 నుంచి కరెంటు బిల్లులన్నీ కట్టలు కట్టి ఉన్నాయి. రెండు బీరువాలుంటే ఒకదానికి తాళంచెవే లేదు.

ఏటా రంజానులో జకాత్ లెక్క వేసుకుంటాం. ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి, ఆ నిసాబు మనందరికీ తెలిసినదే. నూటికి రెండున్నర చొప్పున ఇస్తాం. నగదు, బంగారం, వ్యాపార సరుకు లెక్కలోకి వస్తాయి. ఇంట్లో వాడుకునే గిన్నెకు, పరుపుకు జకాత్ లేదు. అది అల్లాహ్ మనకిచ్చిన వెసులుబాటు. కాని ఆ వెసులుబాటు చాటున మనం వాడనివాటిని కూడా దాచిపెట్టుకుంటున్నామేమో ఆలోచించండి. ఆ సామాను ఎవరూ లెక్క అడగరు. అందుకే అది పెరుగుతూ పోతుంది.

ఇక్కడొక మాట. చేతిలో ఏమీ లేనివాడికి "తక్కువతో బతుకు నాయనా" అని చెప్పడం నీతిబోధ కాదు, అవమానం. నేను చెప్పేది నాలాగా అటక నిండినవాళ్ళకే. అన్నీ వదిలి సన్యసించమనడం లేదు, మన దీన్ అది కోరలేదు. ఇస్రాఫ్ వద్దంది, అంటే దుబారా వద్దంది.

డేగిశాలు సంఘానికి ఇచ్చేద్దామని మా ఇంటావిడతో అన్నాను. అవి ఆమె పుట్టింటివారు పెట్టినవి. ఆమె నన్నొక చూపు చూసి, "నా డేగిశాలు ఇమ్మంటున్నారు. మరి అత్తమ్మ కుట్టుమిషను మాటేమిటి?" అంది. నాకు నోట మాట రాలేదు.

మా అమ్మీ ఆ మిషనుమీద రవికలు కుట్టి మా ఐదుగురిని చదివించింది. 1998లో ఆమె పోయిన తరువాత ఎవరూ దాన్ని తొక్కలేదు. పట్టా తెగిపోయింది. పైన గుడ్డ కప్పి దానిమీద పాత పేపర్లు పెట్టేవాళ్ళం. అమ్మ జ్ఞాపకం అని చెప్పుకునేవాణ్ణి. నిజానికి పేపర్ల బల్ల చేశాను. అయినా ఇవ్వడానికి మనసొప్పలేదు. మూడు నెలలు వాయిదా వేశాను. చివరకు 2015లో, భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఉన్న ఒక చెల్లెమ్మకు ఈ సంఘం ద్వారానే పంపించాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఖాళీ అయిన ఆ మూల చూడలేకపోయాను. ఏడాది తిరిగేసరికి ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుడుతోందని తెలిసింది. తల్లి పేరిట కొడుకు చేయగల సదఖా జారియా ఇంతకంటే ఏముంటుంది? పదిహేడేళ్ళు ఆ పుణ్యాన్ని అమ్మీకి అందకుండా ఆపినవాణ్ణి నేనే. డేగిశాలు కూడా ఆ తరువాత ఆమె తనంతట తానే దింపించింది.

ఇల్లు తేలికైంది గాని ఒళ్ళు తేలిక కాలేదు. మినాలో కూలబడిన సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది. డాక్టరుగారికి చూపించుకుని, ఆయన సరేనన్నాక, ఫజర్ నమాజు తరువాత పావుగంట నడక మొదలుపెట్టాను. నెలకు అరగంట అయింది, మూడు నెలలకు గంట అయింది. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులంటే సరిపోతుంది.

2015 డిసెంబరులో ఇద్దరు స్నేహితులతో కొండవీడు వెళ్ళాను. రెడ్డిరాజులు రాజధాని చేసుకున్న కొండ అది. తరువాత గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చింది. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. మేము మెట్లదారినే పట్టాం. మొదటిసారి సగం కూడా ఎక్కలేక తిరిగొచ్చాం. రెండోసారి ఇంకాస్త పైకి. మూడోసారి పైన చెరువుగట్టు మీద కూర్చుని ఖర్జూరాలు తిన్నాం. కింద పొలాలన్నీ గళ్ళ లుంగీ పరిచినట్టున్నాయి. ముగ్గురం అక్కడే చాష్త్ నమాజు చదువుకున్నాం. నా భుజాన అప్పుడున్నది నీళ్ళ సీసా, ఖర్జూరాల పొట్లం, చేతికర్ర. మినా దారిలో ఆ పెద్దాయన దగ్గర చూసిన సామానుకు ఇంచుమించు అంతే.

నాకు తెలిసిన జాగ్రత్తలు చెబుతాను. ఎక్కేటప్పుడు పక్కవాడితో మాట్లాడగలిగేటంత నెమ్మదిగా ఎక్కాలి. మాట ఆగిపోతే మీరూ ఆగండి. మోకాళ్ళకు కష్టం ఎక్కడంలో కన్నా దిగడంలోనే, కర్ర అప్పుడు పనికొస్తుంది. షుగరు మందులు వాడేవారు జేబులో చక్కెర బిళ్ళలు ఉంచుకోవాలి. గుండెలో నొప్పిగాని, కళ్ళు తిరగడంగాని వస్తే మొండితనం పనికిరాదు. ఒంటరిగా ఎప్పుడూ పోవద్దు. ఎండ ముదరకముందే కిందికి దిగాలి.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మోకాలు అప్పుడప్పుడూ సణుగుతుంది, నెలకు ఒక ఆదివారం మాత్రం తప్పను. మా ఇంటావిడ కూడా వస్తుంది, నాకన్నా ముందు ఎక్కి పైనుంచి పిలుస్తుంది.

చివరగా సంఘానికి రెండు విజ్ఞప్తులు. మొదటిది, మన కార్యాలయంలో ఒక గది ఉమ్మడి సామానుకు కేటాయించండి. డేగిశాలు, కుర్చీలు, చక్రాల కుర్చీ, పాఠ్యపుస్తకాలు అక్కడ ఉంటే, పేద ఇంటి నికాహ్‌కు అద్దె డబ్బు మిగులుతుంది, ప్రతి ఇంటి అటకా ఖాళీ అవుతుంది. రిజిస్టరు రాయడానికి నేను సిద్ధం. రెండవది, హజ్‌కు దరఖాస్తు పెట్టేవారికి దువాల తరగతితో పాటు నడక తరగతి కూడా పెట్టండి. వారు బయలుదేరే ముందు నెలల తరబడి నడిచి ఉంటే నాలాగా రోడ్డు పక్కన కూలబడరు.

ఆ ఇండోనేషియా పెద్దాయన పేరు నాకు తెలియదు. కాని ఆయన మోసిన సంచి బరువు ఇంతవరకు నా ఖాతాలో బాకీగానే ఉంది. మీలో ఒక్కరైనా తేలిక సంచితో హజ్‌కు పోయి ఇంకొకరి సంచి మోస్తే, ఆ బాకీలో కొంతైనా తీరినట్టే అనుకుంటాను.