పసికందు ఛాతీలో సరిహద్దు రాయి



నేను వైద్యుడను గాను, గ్రామలెక్కలు వ్రాయువాడను. ఈ విషయమున నాకు తెలిసినదెల్ల ఈ గ్రంథాలయపు భిక్షయే. మాదాపురమున 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు మన ఊరి బిడ్డలెందరో హైటెక్ సిటీ ప్రాంతమున కాపురములున్నారు; వారి కాన్పులును అచ్చటనే. నెలలు నిండక పుట్టిన శిశువులను కాపాడు విభాగములు ఇప్పుడా ప్రాంతపు ఆసుపత్రులలో కలవు. పాతనగరపు వారికి 1953 నాటి నిలోఫరు ఆసుపత్రి ఉండనే ఉన్నది.

అచ్చట వైద్యుడు "ఊపిరితిత్తి కుంగినది" అనినచో రెండర్థములు కలవు. తిత్తి నుండి గాలి జారి, తిత్తికిని ఛాతీగోడకును నడుమ చేరుట ఒకటి, ఇది న్యూమోథొరాక్సు. లోనికి గాలి చొరక తిత్తి ముడుచుకొనుట రెండవది, ఇది అటెలెక్టాసిసు. ఎక్స్‌రే పటమున గాలి నలుపు, గాలిలేని తిత్తి తెలుపు. అంతకంటె గుండె చోటును చూడవలెను. అది సరిహద్దు రాయి వంటిది. చేరిన గాలి ఒత్తిడి హెచ్చినచో దానిని ఎదుటి ప్రక్కకు నెట్టును. ముడుచుకొన్న తిత్తి తన వైపునకే ఈడ్చుకొనును. రాయి ఎటు జరిగినదో కొలువక తగవు తీర్చు లెక్కగాడుండునా?

ఇందు పొరపడిన ప్రాణాపాయము. మొదటిదానికి సూదితోనో గొట్టముతోనో గాలిని తీయవలసి రావచ్చును. రెండవదానికి సూది గ్రుచ్చినచో తిత్తికే గాయము. శ్వాసకై వేసిన గొట్టము లోతుగా దిగి కుడి శ్వాసనాళమున చేరినచో ఎడమ తిత్తి ముడుచుకొనును. అప్పుడు గొట్టమును కొంచెము వెనుకకు లాగుటయే ముఖ్యమైన చికిత్స.

పసికందు వెల్లకిల పరుండును గనుక గాలి ముందువైపునకు తేలును. తిత్తి అంచు కనబడక, ఛాతీ అడుగు మూల మాత్రమే మిక్కిలి నల్లగా తోచవచ్చును. చర్మపు మడత సైతము తిత్తి అంచువలె భ్రమింపజేయును. సందేహమున్నచో ప్రక్కకు పరుండబెట్టి మరియొక పటము తీయుదురు.

శిశువు నీలమై, గుండె మందగించుచున్నచో పటమునకై కాచియుండరు. గది చీకటి చేసి ఛాతీకి చల్లని దీపమానింతురు; గాలి చేరిన ప్రక్క విస్తారముగా వెలుగును. వెంటనే సూది.

ఇప్పుడు పటములను చదువుటకు కంప్యూటర్లకు నేర్పుచున్నారు. 2017లో అమెరికా వారు వెలువరించిన పెద్ద ఎక్స్‌రే భాండారములో అధికభాగము పెద్దలవే. పెద్దల పటములతో నేర్చిన యంత్రము పసికందు పటముపై వ్రాసిన తీర్పును శిశువైద్యుడు సరిచూచి సంతకము చేయనిదే నేనంగీకరింపను. గాలి తీసిన పిదప మరల పటము తీయుదురు. గుండె తన చోటికి వచ్చినదా యని అందు చూతురు.