ప్రకటన వెల ఎవరు చెల్లించుచున్నారు?
వరాఛా చీరల వ్యాపారముపై ప్రసంగ పాఠము



సూరతు రైల్వే స్టేషనుకు తూర్పున వరాఛా ప్రాంతము గలదు. వజ్రములకు సాన పట్టు కార్ఖానాలకు, ఎంబ్రాయిడరీ యంత్రములకు అది పేరుపొందినది. ఆ నగరములోనే లింబాయత్, ఉధనా ప్రాంతములలో తెలంగాణ జిల్లాల నుండి తరలి వెళ్ళిన మన నేత కార్మికులు తరతరములుగా మరమగ్గములపై పనిచేయుచున్నారు. మగ్గముపై నేసిన గుడ్డకు రంగు అద్ది, ఎంబ్రాయిడరీ కుట్టి, చీరగా మడత పెట్టి దేశమంతటికి పంపుదురు. అట్టి పార్సెళ్ళను బండి కెక్కించువారము, ఇంటింటికి చేర్చువారము మనము. కావున ఆ చీర నేడు ఎట్లు అమ్ముడగుచున్నదో, అందువలన ఎవరి బరువు పెరుగుచున్నదో మనము తెలిసికొనవలసియున్నది.

పూర్వము ప్రకటన ఒకరి చేతిలో, అంగడి మరొకరి చేతిలో, బట్వాడా ఇంకొకరి చేతిలో నుండెడిది. పత్రికలో ఎంత స్థలమునకు ఎంత సొమ్మో రేటు పట్టిక చెప్పెడిది. 1967లో వివిధ భారతి, 1976లో దూరదర్శన్ వాణిజ్య ప్రకటనలను ప్రారంభించినప్పుడును రేట్లు ముందే తెలిసియుండెను. పత్రికా ప్రకటన చూచి జాబు వ్రాసినవారికి సరకు వి.పి.పి.లో వచ్చెడిది. 1877లో మన తపాలా శాఖ ప్రవేశపెట్టిన పద్ధతి యది. పోస్టుమాన్ సొమ్ము వసూలు చేసినచో అది మనీఆర్డరుగా వ్యాపారికి చేరెడిది; గ్రహీత నిరాకరించినచో సరకు వెనుకకు పోయెడిది. నష్టభయము నాడును గలదు. అయితే లెక్క అందరికిని తెలిసిన లెక్క.

నేడు ప్రకటన, అంగడి, వసూలు, బట్వాడా ఏర్పాటు అన్నియు ఒకే కంపెనీ చేతిలో చేరినవి. 2015లో స్థాపితమైన మీషో సంస్థ చరిత్రయే ఇందుకు ఉదాహరణ. మొదట అది గృహిణుల చేత వాట్సాప్‌లో చీరల బొమ్మలు బంధుమిత్రులకు పంపించి అమ్మించినది. అనగా ఇరుగుపొరుగుల పరిచయమే ప్రకటన యైనది. 2021లో అమ్మకందారుల నుండి కమీషను తీసికొనబోమని ప్రకటించినది. మరి రాబడి ఎచ్చటిది? ప్రకటనల నుండియు, రవాణా సేవల నుండియు వచ్చుచున్నది. అంగడిలో చోటు ఉచితమే. అయితే కొనువారి కంటబడు చోటుకు వెల గలదు.

ఆ వెల నిర్ణయించు విధము గమనార్హము. ఫోనులో ఎవరైన “చీర” అని వెదకిన మరుక్షణమే, ఆ తెరపై ముందు వరుసకై అమ్మకందారుల మధ్య యంత్రము వేలము నడుపును. గెలిచినవాని చీర పైన కనబడును. దానిపై వ్రేలు నొక్కినంతనే, చీర అమ్ముడైనను కాకున్నను, పెక్కు సందర్భములలో అతని ఖాతా నుండి సొమ్ము పోవును. పండుగ దినములలో పోటీ హెచ్చి వేలము పాట పెరుగును. కొనిన చీర వాపసు వచ్చినచో తిరుగు రవాణా ఖర్చు తరచుగా అమ్మకందారుదే. నలిగిన మడతను మరల సరిచేయు శ్రమ వేరు.

ఈ భారము అతని వద్దనే నిలిచిపోవునా? నిలువదు. చీర ధర పెంచినచో పోటీదారు తెరపై క్రిందనే యుండును. కావున అతడు తగ్గింపగలిగినది కూలి ఒక్కటే. ఎంబ్రాయిడరీ పనికి వేయి కుట్లకు ఇన్ని పైసలని రేటు కట్టుదురు. ఆ పైసలపై బేరము సాగును. చీరలకు రాళ్ళంటించుచు, దారములు కత్తిరించుచు ఇంట కూర్చుండి పనిచేయు స్త్రీలకు ముక్కకింత అని లెక్క. మరమగ్గము వద్ద మీటరుకింత. చివరకు చీరను గుమ్మము చేర్చు యువకునికి పార్సెలుకింత. వీరిలో ఎవరును ఆ వేలములో పాల్గొనలేదు. ఐనను దాని సొమ్ము వీరి శ్రమ నుండియే వచ్చుచున్నది.

వరాఛా వజ్రముల కథయు దీనికి దూరము కాదు. “వజ్రము శాశ్వతము” అను అర్థము గల నినాదమును 1947లో అమెరికా ప్రకటన సంస్థ యొకటి డి బీర్స్ కంపెనీకై వ్రాసినది. ఆ మాట లోకమంతట గిరాకీ పెంచినది. అయితే 2023లో విదేశపు గిరాకీ సన్నగిల్లినప్పుడు, వర్తక సంఘములే ముడి వజ్రముల దిగుమతిని అక్టోబరు 15 నుండి రెండు నెలలు స్వచ్ఛందముగా నిలుపుదల చేయ పిలుపునిచ్చినవి. సాన బల్ల వద్ద పని ముక్కకింత చొప్పున సాగును. ముక్క లేని దినమున కూలి లేదు. వజ్రము శాశ్వతమైనను దానికి సాన పట్టువాని పని శాశ్వతము కాలేదు.

నూతన సాధనమును మేము ద్వేషించుటలేదు. చిన్న వ్యాపారి చీర శ్రీకాకుళములోని పల్లెకు చేరుట మంచిదే. మా వాదము లెక్క గురించి.

మొదటిది: ప్రకటన రుసుము, వాపసు రుసుము నిర్ణయించు పద్ధతి పత్రికల రేటు పట్టిక వలె బహిరంగము కావలెను.

రెండవది: 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ డెలివరీ కార్మికులను గుర్తించినది. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతము నిధికి చెల్లించవలెనని, అది ఆ కార్మికులకిచ్చు మొత్తములో 5 శాతము మించరాదని దానిలో గలదు. ఆ కోడ్‌లపై కార్మిక సంఘముల అభ్యంతరము లట్లుండగా, ఈ సొమ్మైనను కార్మికునికి చేరుచున్నదా యని మనము నిలదీయవలెను. అతనిని మనకు పోటీదారుగా గాక తోటి కార్మికునిగా చూడవలెను.

మూడవది: తపాలా పార్సెలు, రైల్వే పార్సెలు సేవలను బలపరుపవలెను. 2022లో చిన్న ఎగుమతిదారులకై ప్రారంభమైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రముల వంటి సదుపాయము లోనాటి వ్యాపారికిని విరివిగా అందినచో, అతడు ఒకే కంపెనీ గుప్పిటిలో నుండనక్కరలేదు.

మన ఇండ్లలోనివారిని కూడ జాగృతపరుపవలెను. “ఇక రెండే మిగిలినవి, త్వరపడుడు” అను అసత్యపు తొందర మొదలుకొని, చివరి తెరపై రుసుములు కలుపుట వరకు 13 విధముల మోసపు పద్ధతులను 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకములు నిషేధించినవి. తెలిసినచో ఫిర్యాదు చేయవచ్చును.

కామ్రేడ్లారా! ఇకపై పార్సెలు సంచి భుజమున నెత్తినప్పుడు దానిలో చీర బరువు మాత్రమే గాక, వేయి కుట్లకు తగ్గిన పైసల బరువు కూడ గలదని గుర్తుంచుకొందము. మగ్గము నుండి గుమ్మము వరకు ఆ చీరను మోయు చేతులన్నియు ఒక్కటి కావలెను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!