కారేది ఒకచోట, కారణం మరోచోట

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నాకన్నా ముందు మాట్లాడినవాళ్లలో డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్చరర్లు ఉన్నారు. నేను ఇరవై రెండేళ్లుగా ఫిలింనగర్‌లో ఉంటూ సినిమా యూనిట్లకు బండ్లు తిప్పుతున్నాను. మైకు నా చేతికొచ్చింది కాబట్టి హీరోల కబుర్లు చెబుతానని కొందరు ఎదురుచూస్తున్నట్టున్నారు. అవి భోజనాల దగ్గర చెప్పుకుందాం. ఇప్పుడు మాత్రం పాత బండి కింద పడే ఆయిల్ మరక గురించి మాట్లాడతాను. ఈ హాల్లో సగం మందికి ఆ మరకతో పరిచయం ఉండే ఉంటుంది.

తెల్లవారుజామున జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిలింనగర్ వైపు వస్తే, షూటింగులకు బయల్దేరే బండ్లు బారులు తీరి కనిపిస్తాయి. 1994లో వచ్చిన టాటా సుమో, 2000లో వచ్చిన టయోటా క్వాలిస్, 2002లో వచ్చిన మహీంద్రా స్కార్పియో మా వృత్తికి అన్నం పెట్టిన బండ్లు. ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచిన సుమోలను మీరు తెర మీద చూశారు. తెర వెనక మేకప్ వాళ్లను, జూనియర్ ఆర్టిస్టులను, లైట్‌బాయ్‌లను మోసినవీ అవే. ఆ పేరు జపాన్ మల్లయోధులది అనుకుంటారు చాలామంది. నిజానికి అది టెల్కోను తీర్చిదిద్దిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి, ఇంటిపేరులోంచి తీసుకున్న అక్షరాలు.

ఇక అసలు విషయం. మా బస్తీలో ఒక తమ్ముడున్నాడు. సొంతంగా కొనుక్కున్న పాత డీజిల్ ఎస్‌యూవీని యూనిట్లకు కిరాయికి తిప్పుతాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. "అన్నా, ఇంజన్ కింద ఆయిల్ కారుతుంది. సీల్ మార్చినా ఆగుతలేదు. ఇంజన్ మొత్తం ఇప్పాలంటున్నరు, నలభై వేలైతయట" అన్నాడు. ఇంట్లో ఉన్న కొద్దిపాటి బంగారం తాకట్టు పెట్టడానికి బయల్దేరుతున్నాడు.

"ఒక్కరోజు ఆగు, ముందు బండి కింద చూద్దాం" అన్నాను.

ఆయిల్ లీకేజీ చూడటానికి ఒక పద్ధతి ఉంది. మీలో ఎవరైనా చేయొచ్చు. రాత్రి బండి కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎటున్నాయో దాని మీద గుర్తు పెట్టండి. పొద్దున్నే మరక ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో చూడండి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. ఎర్రగా ఉంటే చాలా బండ్లలో పవర్ స్టీరింగ్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం వాసన కొడితే గేర్ ఆయిల్. పచ్చగానో గులాబీరంగులోనో ఉండి, కొంచెం తియ్యటి వాసన వస్తే కూలెంట్. రంగూ వాసనా లేకపోతే అది ఏసీ నీళ్లు, నిశ్చింతగా ఉండండి.

తర్వాత ఇంజన్‌ను చల్లారనిచ్చి, జిడ్డంతా డీగ్రీజర్‌తో తుడిచేయాలి. ఎందుకంటే ఆయిల్ పుట్టినచోట ఉండదు. కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. చివరికి ఎక్కడో మూలన బొట్టుగా పడుతుంది. మనం ఆ బొట్టును చూసి దాని పైనున్న సీల్‌ను నిందిస్తాం. తుడిచి ఆరబెట్టాక అనుమానం ఉన్నచోటల్లా మామూలు టాల్కం పౌడర్ చల్లండి. పావుగంట ఇంజన్ నడిపి, ఆపి, టార్చితో చూడండి. తెల్లటి పౌడర్ మీద తడి గీత కనిపిస్తుంది. ఆ గీతలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఎక్కడ మొదలైందో అదే అసలు చోటు.

చాలాసార్లు అది చిన్నదే అయి ఉంటుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ ఎండిపోయి ఉంటుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ మార్చకుండా పాతదే బిగించి ఉంటారు. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోయి, దానిమీదే కొత్తది ఎక్కించి ఉంటారు. ఇవి ఇంటిదగ్గర చేసుకోగలిగిన పనులే. రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. ట్యాపెట్ కవర్ బోల్టులు బలం కొద్దీ బిగిస్తే ప్యాకింగ్ నలిగి లీకేజీ పెరుగుతుంది. మధ్యలోంచి బయటికి, ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి. సీలెంట్ పేస్టు ఎక్కువ పూస్తే, లోపలికి ఊడిపడిన ముక్కలు ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడతాయి. బయట లీకేజీ ఆగుతుంది, లోపల ఇంజన్ ఎండిపోతుంది.

ఆ తమ్ముడి బండికి పౌడర్ చల్లి చూస్తే తడి ఒకచోట కాదు, మూడుచోట్ల కనిపించింది. కొత్త సీల్ దగ్గర కూడా ఉంది. మూడు ప్యాకింగులు ఒకేసారి పాడవుతాయా? అప్పుడు బ్రీదర్ పైపు విప్పి చూశాం. మసి, జిడ్డు పేరుకుని పూర్తిగా మూసుకుపోయి ఉంది.

ఇది మన సైన్స్ క్లాసులో విన్న పాఠమే. ఇంజన్ లోపల మండిన వాయువు కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. అది బయటపడే దారి బ్రీదర్. ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి ఆయిల్‌ను నెడుతుంది. కుక్కర్ విజిల్‌కు మెతుకు అడ్డం పడితే ఆవిరి గ్యాస్కెట్ పక్కనుంచి తన్నుకొస్తుంది కదా, అదే సంగతి. గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా విజిల్ శుభ్రం చేయకపోతే ఏం లాభం?

బ్రీదర్ శుభ్రం చేశాం, రాణిగంజ్ నుంచి కొత్త పైపు తెచ్చి వేశాం, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చాం. రెండు వేలు కాలేదు. బంగారం ఇంట్లోనే ఉంది.

నేను ఇంత దూరం వచ్చి చెప్పాలనుకున్నది మాత్రం దీని తర్వాత జరిగింది. బండి కింద పడుకుని ఉన్నప్పుడు వెనక ఎడమ చక్రం లోపలివైపు టైరు మీద నల్లటి తడి కనిపించింది. కింద ఒక్క చుక్క కూడా పడలేదు కాబట్టి అతనికి తెలియలేదు. వెనక యాక్సిల్ సీల్ దాటి గేర్ ఆయిల్ నేరుగా బ్రేక్ డ్రమ్ములోకి వెళుతోంది. ఆయిల్ తాగిన లైనర్లు పట్టవు. తొమ్మిదిమందిని ఎక్కించుకుని ఫిలింనగర్ వాలు దిగేటప్పుడు బ్రేకు నొక్కితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. ఇంజన్ కింది మరక అతన్ని నెలరోజులు నిద్రపోనివ్వలేదు. ప్రాణం తీసేది మాత్రం చప్పుడు లేకుండా చక్రం వెనక దాక్కుంది. దానికీ కారణం అలాంటిదే. యాక్సిల్ హౌసింగ్ పైనుండే చిన్న బ్రీదర్ వానాకాలపు బురదతో బిగుసుకుపోయింది.

ఆ పని మేం చేయలేదు. బండిని అక్కడే ఆపించి మెకానిక్‌ను పిలిపించాం. సీల్ మార్చి, రెండువైపులా లైనర్లు కొత్తవి వేయించాం. సొంత రిపేరు అంటే అన్నీ మనమే విప్పడం కాదు. ఏది మన చేతి పనో, ఏది కాదో తెలుసుకోవడం కూడా అందులో భాగమే. గేర్‌బాక్సు దించాల్సిన వెనక క్రాంక్ సీల్, బ్రేకులు, స్టీరింగ్ తెలిసినవాళ్లకే వదలండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. సమతలం మీద, చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్లు వేశాకే దూరాలి. జూబ్లీహిల్స్ వైపు సమతలం దొరకడమే కష్టం, అయినా వెతుక్కోవాలి.

1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అంతరిక్షనౌక పేలి ఏడుగురు చనిపోయారు. కారణం చలికి బిరుసెక్కిన ఒక రబ్బరు రింగు. మన ఎండలకు, ఇంజన్ వేడికి కూడా రబ్బరు బిరుసెక్కుతుంది. చిన్న వస్తువు కదా అని చిన్నచూపు చూడకూడదని చెప్పడానికే ఆ మాట ఎత్తాను.

ఇంకొక్క మాట. తీసేసిన పాత ఆయిల్‌ను మోరీలో పోయకండి. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తుంది. జూబ్లీహిల్స్ పక్కనే దుర్గం చెరువుంది. మనం మోరీలో పోసింది వానకు కొట్టుకుని ఏదో ఒక చెరువు చేరుతుంది. డబ్బాలో పట్టి, రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

మన మాస్టార్లు లెక్కకు జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వేసేవారు కాదు, అది ఎలా వచ్చిందో చూపించమనేవారు. బండి కింద పడుకున్న ప్రతిసారీ నేను చేసేది అదే. మరక జవాబు మాత్రమే, అది ఎలా వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాలి. ఆ అలవాటు ఒక ఇంటి బంగారాన్ని, బండి నిండా మనుషుల్ని కాపాడింది. అందుకు గురువులకు నా కృతజ్ఞతలు.

భోజనాలు కాగానే మీ పాత బండ్ల దగ్గరికి వెళ్లి, వెనక చక్రాల లోపలివైపు ఒక్కసారి టార్చి వేసి చూడండి. తడి కనిపిస్తే నన్ను పిలవండి, వస్తాను. సెలవు.