పదకొండు నెలల కౌలులో సంపంగి పూయదు

(మండల రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని సంపంగి సాగు గురించి చెప్పమన్నారు. సింహాచలం సంపంగి పేరు తెలియనివారు మన ఉత్తరాంధ్రలో లేరు. అయినా పెరట్లో ఒక చెట్టుకు మించి వేసినవాళ్లు మనలో కొద్దిమందే. ఎందుకో తర్వాత చెబుతాం. ముందు పెంచే పద్ధతి వినండి.

గింజ వేసేవారు కాయ పగలగానే తీసుకోవాలి, లేదంటే పిట్టలు తినేస్తాయి. గింజ మీది ఎర్రటి గుజ్జు కడిగి వెంటనే నాటాలి. ఎండబెట్టి దాచిన గింజ మొలవదు. మొలిచిన మొక్క పూతకు రావడానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటు మొక్క అయితే రెండు మూడేళ్లలో పూస్తుంది.

తొలకరికి ముందు రెండడుగుల గొయ్యి తీసి, చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి మట్టిలో కలిపి నింపండి. నీరు నిలిచే చోట నాటకండి, వేరు కుళ్లుతుంది. ఒకసారి నాటాక పీకి మరోచోట పెట్టకండి, దీని వేరు కదిపితే ఓర్చుకోదు. మొదటి రెండు వేసవులూ పాదులో తడి ఆరనివ్వకండి, ఎండుటాకులు కప్పండి. కొమ్మల మీద చీమలు బారులు తీరి, ఆకులకు మసి పడితే పొలుసు పురుగు చేరినట్టే. పురుగు పట్టిన రెమ్మలు తుంచి, సబ్బు నీటిలో కలిపిన వేపనూనె చల్లండి.

ఇక అసలు మాట. మేము అన్నదమ్ములం కౌలు పొలం గట్టున పన్నెండు అంటు మొక్కలు నాటాం. కావిడితో నీళ్లు మోసి బతికించాం. మూడో ఏట పూత వచ్చింది. మా ఇంటి ఆడవాళ్లు తెల్లవారకముందే కోసి, తడిగుడ్డలో చుట్టి బజారుకు తీసుకెళ్లేవారు. మరుసటి ఏడు కౌలు మారింది. చెట్లు మేము పెట్టినవేనని చూపడానికి ఒక్క కాగితమూ లేదు. ఇప్పుడు ఆ దారిన వెళ్తే వాసన మాకూ వస్తుంది, పూలు మాత్రం రావు.

2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం రాసుకోమన్నది 11 నెలల ఒప్పందం. అదీ యజమాని సంతకం పెడితేనే. వరికి, అపరాలకు ఆ గడువు సరిపోతుందేమో. మూడేళ్లకు పూసే చెట్టుకు ఎలా సరిపోతుంది? భూమి చేజారుతుందని యజమానికి భయం ఉంది. మనలోనూ చిన్న యజమానులున్నారు, ఆ భయాన్ని మేము కొట్టిపారేయం. అందుకే భూమి మీద హక్కు అడగడం లేదు. చెట్టు మీద పడ్డ కష్టానికి లెక్క అడుగుతున్నాం. చెట్లు పెట్టే కౌలుకు కనీసం ఐదేళ్ల గడువు ఉండాలి. మధ్యలో ఖాళీ చేయిస్తే చెట్టుకింత అని పరిహారం ఇవ్వాలి.

అది సాధించేదాకా ఒక జాగ్రత్త. కౌలు భూమిలో మొక్క పెట్టేముందే ఎన్ని మొక్కలో, ఎవరు పెట్టారో, పూలు ఎవరివో రాసి, యజమాని చేత, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించండి. మేము చేయలేదు, మీరు చేయండి. ఇలా చెట్లు పోగొట్టుకున్న కౌలు రైతుల వివరాలు ఊరివారీగా రాసి, వచ్చే సభకు తీసుకురండి. అర్జీ అందరం కలిసే పెడదాం.