యూరియా మూటలో బొగ్గుపులుసు వాయువు
(స్మారకోపన్యాసం)

హోసూరు, కృష్ణగిరి పొలాల్లో చల్లే యూరియా 45 కిలోల మూటల్లో వస్తుంది. ఒక్కో మూట తయారీకి 33 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కావాలి. అమ్మోనియా తయారయ్యే చోట మాత్రం ఇదే వాయువు ఇనుప ఉత్ప్రేరకాన్ని చెడగొడుతుంది. అందుకే ముందు దాన్ని కడిగి వేరుచేయాలి, ఆపైన శుద్ధంగా యూరియా విభాగానికి అప్పగించాలి. కడగడం సులువే, పట్టుకున్నదాన్ని తక్కువ వేడితో విడిపించడమే కష్టం. ద్రావకాల చరిత్రను నడిపించింది ఆ కష్టమేనని నా వాదన.

1913లో జర్మనీలోని ఓపావులో మొదలైన అమ్మోనియా కర్మాగారం పీడనంలో నీళ్లతోనే వాయువును కడిగింది. నీళ్లు చవకే, కానీ పట్టుకునేది కొంచెం కాబట్టి పంపులకు పని ఎక్కువ. 1930లో అమెరికాలో బాటమ్స్ అనే పరిశోధకుడు అమీన్ ద్రావకాలతో వాయువును కడిగే పద్ధతికి పేటెంటు పొందాడు. టవర్‌లో వాయువు కిందినుంచి పైకి వెళ్తుంటే అమీన్ ద్రావణం పైనుంచి జారుతూ బొగ్గుపులుసు వాయువునూ, హైడ్రోజన్ సల్ఫైడునూ పట్టేస్తుంది. రెండో టవర్‌లో ఆవిరితో కాచితే వదిలేస్తుంది. పట్టు ఎంత గట్టిదైతే ఆవిరి ఖర్చు అంత. 1950ల్లో బెన్సన్, ఫీల్డ్ అనే పరిశోధకులు పొటాషియం కార్బొనేటు ద్రావణాన్ని వేడిగానే వాడి, చల్లార్చి మళ్లీ కాచే ఖర్చు తగ్గించారు.

మన తెలుగునేలపై 1980లో రామగుండం కర్మాగారం బొగ్గుతో యూరియా తయారీకి దిగింది. అక్కడ గడ్డకట్టే చలిని మించి చల్లబరిచిన మిథనాల్‌తో వాయువును కడిగేవారు. పీడనం తగ్గిస్తే చాలు, పట్టుకున్నదాన్ని చాలావరకు వదిలేస్తుంది. 1999లో ఆ కర్మాగారం మూతపడింది కదా, ఆ పద్ధతి విఫలమైనట్టేగా అనేవారున్నారు. కానీ కర్మాగారాన్ని కుంగదీసినవి విద్యుత్ అంతరాయాలు, యంత్రాల మొరాయింపు, పెరిగిన నష్టాలు. వాయువును కడిగే టవర్ మీద ఆ తప్పు వేయలేం. 2021లో రామగుండంలో మళ్లీ యూరియా తయారైంది, ఈసారి సహజవాయువుతో.

సహజవాయువుతో ఇంకో చిక్కుంది. దాన్నుంచి వచ్చే అమ్మోనియా అంతటినీ యూరియాగా మార్చేందుకు బొగ్గుపులుసు వాయువు చాలదు. అందుకే 2009లో కాకినాడ నాగార్జున ఫెర్టిలైజర్స్‌లో సహజవాయువును విడగొట్టే రిఫార్మర్ కొలిమి పొగనుంచి రోజుకు 450 టన్నులు పట్టే మిత్సుబిషి ప్లాంటు వచ్చింది. ఆ వాయువు సుమారు 13,600 మూటలకు సరిపడుతుంది! పొగలో పీడనం ఉండదు, పైగా ఆక్సిజన్ మామూలు అమీన్‌ను పాడుచేస్తుంది. అందుకని వాయువును కాస్త వదులుగా పట్టుకునే, తక్కువ ఆవిరితో వదిలే కొత్త అమీన్‌ను వాడారు.

యూరియా మట్టిలో పడగానే ఆ వాయువు మళ్లీ గాలిలోకే పోతుందిగా అన్న అభ్యంతరం న్యాయమైనది. కాబట్టి కాకినాడ ప్లాంటును వాతావరణానికి మందు అని నేననను. అది తేల్చింది వేరే సంగతి: పొగగొట్టం నుంచి ఈ వాయువును పారిశ్రామిక స్థాయిలో రాబట్టవచ్చని. మన తమిళనాడులోనే తూత్తుకుడిలో 2016లో బొగ్గు బాయిలర్ పొగలోని వాయువును సోడా తయారీకి వాడడం మొదలైంది. రేపు హోసూరు పారిశ్రామికవాడలో ఎవరైనా ఇలాంటి టవర్ కడతామంటే, పొగలోని వాయువులో ఎంత శాతం పట్టుకుంటారని అడిగి ఊరుకోవద్దు. టన్నుకు ఎంత ఆవిరి, ఆ ఆవిరికి ఏ ఇంధనం, విడిపించిన వాయువు చివరికి ఎక్కడికి, ఈ మూడూ కాగితం మీద పెట్టమని అడగండి.