మన కొండగాలికి తగిన తీగ

(జి.మాడుగులలో జరిగిన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కానుకగా పాఠశాలకు నాలుగు మాండలిన్లు ఇద్దామని మన సంఘం తలపెట్టింది. విశాఖపట్నంలో చాలా ఏళ్లుగా మాండలిన్ వాయిస్తూ, నలుగురికి నేర్పుతూ, వాటికి తీగలు మారుస్తూ ఉన్నవాణ్ణి కాబట్టి ఈ విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఏ కంపెనీది కొనాలని పొద్దుటి నుంచి చాలామంది అడిగారు. నేను మాత్రం తీగల గురించే చెబుతాను. కొన్న ఏడాదికే గోడ మేకుకు వేలాడిన మాండలిన్లు నేను చాలా చూశాను. వాటిలో చెక్క పాడైనవి తక్కువ. తీగ తెగి, అలాంటి తీగ మళ్లీ దొరక్క మూలపడ్డవి, వేళ్లు నొప్పి పుట్టి పిల్లలు వదిలేసినవి ఎక్కువ.

మాండలిన్ ఇటలీ నుంచి వచ్చిన వాయిద్యం. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. జతలో రెండూ ఒకే స్వరం పలకాలి. వాటి వరుస వయొలిన్ మాదిరే: జి, డి, ఎ, ఇ. పలికే తీగ పొడవు దాదాపు 14 అంగుళాలు. ఇంత చిన్న వాయిద్యం మీద ఎనిమిది తీగలూ కలిసి ఎంత లాగుతాయో తెలుసా? లైట్ సెట్ వేస్తే దాదాపు 70 కిలోలు, మీడియం వేస్తే దాదాపు 80 కిలోలు. ఒక మనిషి బరువు ఆ పలుచని చెక్క మీద రాత్రీ పగలూ ఉన్నట్టే.

తీగ మందాన్ని గేజ్ అంటారు. అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. లైట్ సెట్ అంటే సాధారణంగా 10, 14, 24, 38. మీడియం అంటే 11, 15, 26, 40. పదికీ పదకొండుకీ తేడా ఏముందిలే అనిపిస్తుంది. కంటికి కనిపించదు, మిల్లీమీటరులో నలభయ్యో వంతు. కానీ తీగ బరువు మందానికి వర్గంగా పెరుగుతుంది. అదే స్వరానికి బిగించాలంటే లాగుడూ అలాగే పెరుగుతుంది. పది పదులు నూరు, పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి. అంటే ఆ చిన్న తేడాతో బిగువు 21 శాతం ఎక్కువ. పదేళ్ల పిల్ల వేలికి ఆ 21 శాతం చాలా పెద్దది. అందుకని నా మొదటి మాట: పిల్లలకు లైట్ సెట్. గుండ్రటి బుర్ర ఉన్న పాతకాలపు మాండలిన్ ఎవరైనా దానంగా ఇస్తే, దానికి అంతకన్నా సన్నని తీగలే వేయాలి. దాని పైచెక్క లైట్ సెట్‌కు కూడా వంగిపోవచ్చు.

రెండోది, ఏ లోహం అన్నది. సన్న జతలు రెండూ ఉత్త ఉక్కు తీగలు. లావు జతలకు ఉక్కు మీద ఇంకో తీగ చుట్టి ఉంటుంది. ఆ చుట్టు కంచుదైతే, అందులో రాగి, జింకు కలిసినది కొత్తలో గణగణలాడుతుంది. రాగి, తగరం, కొంచెం ఫాస్ఫరస్ కలిసిన ఫాస్ఫర్ బ్రాంజ్ నాదం కాస్త మెత్తన, ఆ నాదం ఎక్కువ కాలం నిలుస్తుంది. కరెంటు మాండలిన్‌కు మాత్రం నికెల్ చుట్టినవే వేయాలి. అందులోని అయస్కాంతం ఇనుము, నికెల్ కదలికను పట్టుకున్నంత బాగా కంచును పట్టుకోదు. పొరపాటున కంచువి వేస్తే లావు తీగలు నీరసంగా వినిపిస్తాయి. మనం కొనేవి మామూలు చెక్క మాండలిన్లు కాబట్టి ఫాస్ఫర్ బ్రాంజ్ మేలు.

మూడోది శ్రుతి. మన పిల్లలు నేర్చుకునేది సరళీ స్వరాలు, కీర్తనలు, మన పాటలు. పిల్లల గొంతుకు ఐదు శ్రుతి దగ్గర హాయిగా ఉంటుంది. మాండలిన్ అడుగు జత జి, అంటే సరిగ్గా ఐదు శ్రుతి షడ్జమం. పక్క జత డి, పంచమం. మిగతా రెండు జతలను కూడా ఒక్కో స్వరం దించితే స, ప, స, ప అవుతుంది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఒక పూర్తి స్వరం దించితే బిగువు ఐదో వంతు పడిపోతుంది. తీగ వదులై, మెట్టుకు కొట్టుకుని జిరజిరమంటుంది. వాయిద్యం మంచిది కాదనుకుంటారు. మందు చిన్నదే: పై రెండు జతలకు 10, 14 బదులు 11, 16 వేయండి. దించిన శ్రుతిలో బిగువు మళ్లీ లైట్ సెట్ అంతే ఉంటుంది. అడుగు జతలు 24, 38 అలాగే ఉంచండి.

తీగల ఎంపిక సంగీతాన్నే ఎలా మారుస్తుందో చెప్పడానికి మన పాలకొల్లు శ్రీనివాస్ గారిని మించిన ఉదాహరణ లేదు. 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్‌ను చిన్నతనంలోనే చేతపట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడితే ఈ పిల్లవాడు వాయించేవాడు. గొంతులో గమకం ఊగినట్టు తీగ ఊగాలంటే దాన్ని పక్కకు లాగాలి. జంట తీగలను లాగితే రెండూ ఒక్కలా సాగవు, స్వరం చీలుతుంది. శ్రీనివాస్ గారు నాలుగు జతలు తీసేసి, కరెంటు మాండలిన్ మీద ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. జంట తీగల చిక్కు పోయింది, మంద్రానికి చోటు దొరికింది. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. మన పిల్లల్లో ఎవరికైనా గమకం మీద మనసు పోతే, ప్రతి జతలో ఒక తీగ విప్పేసి నాలుగు ఒంటి తీగల మీద సాధన చేయించవచ్చు. దానికి కొత్త వాయిద్యం అక్కర్లేదు.

ఇక మన ఊరి సంగతి. కాఫీ పండు, మిరియం ఆరబెట్టడం తెలిసిన ఇళ్లు మనవి. తేమ గురించి మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. థింసాకు ముందు డప్పును మంట దగ్గర కాచి బిగువు తెప్పించడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. తీగకు ఆ వైద్యం పనికిరాదు. వానాకాలం నాలుగు నెలలూ, ఆ తరవాత మంచు రోజుల్లోనూ ఉత్త ఉక్కు తీగ ముందు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన తీగ శ్రుతి నిలవదు, వేలు గీసుకుంటుంది, చివరికి తెగుతుంది. పైన సన్నని పూత పూసిన తీగలు దొరుకుతాయి. ఖరీదు ఎక్కువే అయినా మన వాతావరణంలో అవే గిట్టుబాటు. పూత ఉన్నా లేకపోయినా, వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగ పైనా కిందా తుడవాలి. చేతి చెమట కూడా తేమే కదా. పెట్టెలో పెట్టాలి గాని గోడకు తగిలించకూడదు. పొయ్యి దగ్గర అసలు వద్దు.

చలికాలం ప్రార్థన వేళకు శ్రుతి పెరిగి ఉంటే కంగారు పడకండి. చలికి లోహం బిగుస్తుంది. వాద్యాన్ని పావుగంట గదిలో ఉంచి, ఆ తరవాతే శ్రుతి చేయండి.

తీగలు మార్చేటప్పుడు ఒక్క నియమం. అన్నీ ఒకేసారి విప్పకూడదు. మాండలిన్ గుర్రం చెక్కకు అంటించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. అన్నీ విప్పితే అది జరిగిపోతుంది, ఆపైన ఏ మెట్టు మీదా స్వరం సరిగా పలకదు. ఒక తీగ విప్పి, కొత్తది వేసి, తరవాతే రెండోది. ఒకటి తెగినా జతలో రెండూ మార్చాలి. పాతదీ కొత్తదీ కలిస్తే శ్రుతి కలవదు. కొనేటప్పుడు కొస కూడా చూడండి: కొన్నిటికి చివర ఉంగరంలా చుట్ట, కొన్నిటికి చిన్న గుండు ఉంటాయి. మన వాయిద్యానికి ఏది పడుతుందో కాగితం మీద రాసి పెట్టెలో అంటించండి.

ఇప్పుడు సంఘానికి నా విన్నపం. నాలుగు మాండలిన్లు వద్దు, మూడు కొనండి. నాలుగోదానికి అనుకున్న డబ్బుతో తీగలు కొని పాఠశాలలో ఉంచండి. సెట్లతో పాటు, అందరికన్నా ముందు తెగే సన్న తీగలు విడిగా ఎక్కువ ఉండాలి. ఇక్కడ తీగ తెగితే పాడేరు ఘాట్ దిగి విశాఖపట్నం వెళ్లాలి. ఒక తీగ కోసం ఆ ప్రయాణం ఏ మాస్టారు చేస్తారు? ఏ తల్లి పంపుతుంది? వారం ఆగిన సాధన నెల ఆగుతుంది, నెల ఆగినది మానేసినట్టే. ప్రతి ఏటా ఇద్దరు పిల్లలకు తీగలు మార్చడం నేర్పే పూచీ నాది. వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి వస్తాను, బస్సు ఛార్జీలు నావే.

నాలుగు వాయిద్యాలు పక్కపక్కన పెడితే ఫోటోకు బాగుంటుంది, ఒప్పుకుంటాను. మూడే ఉండి, పదేళ్ల తరవాత కూడా మూడూ మోగుతుంటే ఇంకా బాగుంటుంది. మధ్యాహ్నం కార్యవర్గ సమావేశంలో ఈ సంగతి తేల్చమని కోరుతున్నాను.